యురేనియం బయటి నుంచి కొంటున్నప్పుడు మా గుట్టలు తవ్వుడు ఎందుకు?

దేవరకొండ ట్యూటర్:

మాది నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలం. పెద్దగట్టు, లంబాపురం అంటే పేపర్లు చదివేటోళ్లకు యురేనియం యాదికొస్తది, మాకు మేకలు యాదికొస్తయ్. గుట్ట మీద సర్వేవాళ్లు ఏసిన బోర్లు ఇంక అట్లనే ఉన్నయ్. సిమెంటు దిమ్మె, నడుమ ఇనుప పైపు ముక్క, పక్కన రంగుతోని రాసిన నంబరు. మా నాయిన ఆ సర్వేకు కూలికి పోయిండు. బోరుల నుంచి రాయి పొడుగు కడ్డీల లెక్క బయటికొస్తుంటె రేకు ట్రేలల్ల వరుస తప్పకుండ పేర్చుడు ఆయన పని. ఏ ముక్క ఏ లోతుదో గడబిడ అయితే సారుకు ఎక్కడ లేని కోపమొచ్చేదట. ఆ రాయి దేనికని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేదట. 2003ల యురేనియం గని మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన్నాడు నేను చిన్న పోరగాన్ని, నాకు పోలీసు వ్యాన్లు తప్ప ఏం యాది లేదు.

ఇప్పుడు దేవరకొండల గ్రూప్-2 పిల్లలకు పాలిటీ, అంతర్జాతీయ సంబంధాలు చెప్తున్న. మొన్న ఇరాన్ పాఠం నడుస్తున్నది. 2025 జూన్‌ల అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద బాంబులేసింది గద, అది చెప్తుంటె తండా నుంచి వచ్చే ఒక పిల్ల లేచి, "సార్, మనం కజకిస్తాన్ దగ్గర, కెనడా దగ్గర, రష్యా దగ్గర కొంటున్నమని మీరే చెప్పిన్రు. మరి మా గుట్ట ఎందుకు కావాలె?" అన్నది. "దేశీయ వనరులు వ్యూహాత్మక అవసరం" అని పుస్తకంల ఉన్న లైను చెప్పిన. కూసున్నది గని ఒప్పుకోలేదు.

మా బామ్మర్ది బీఎస్‌ఎఫ్‌ల ఉంటడు. ఆయన్ను అడిగితే "దేశ భద్రత బావా" అంటడు, ఆడికి మాట ఖతం. నాకు ఆ మాట తర్వాత ఏముందో కావాలె. తెలిసినోళ్లు జర వివరంగ చెప్పున్రి. పార్టీల తిట్లు ఇక్కడ వద్దు.

ఉప్పల్ వాసి:

ఇందులో పెద్ద రహస్యం ఏముంది బ్రదర్? 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు అని 2025 బడ్జెట్లోనే ప్రకటించారు. అప్పటికి ఉన్నది 9 గిగావాట్ల లోపే. అంత కరెంటు కావాలంటే ఇంధనం కావాలి. అన్నీ బయట కొనుక్కుంటే రేపు ఎవడో ఒకడు ఆపేస్తాడు. ప్రతి ఊరూ మా దగ్గర వద్దంటే దేశం ఎలా నడుస్తుంది? ఎవరో ఒకరు కాస్త సర్దుకోవాలి.

దేవరకొండ ట్యూటర్:

సర్దుకునేది మేమొక్కళ్లమే గాదన్నా. మీ ఉప్పల్ నల్లాల వచ్చే కృష్ణ నీళ్లు ఏడికెల్లి వస్తయో చూసుకో. పుట్టంగండి కాడ ఎత్తి, అక్కంపల్లి రిజర్వాయర్ల నింపి, కోదండాపురంల శుద్ధి చేసి పంపుతరు. అన్నీ మా దిక్కే. పెద్దగట్టు గుట్ట మీద నిలవడితె సాగర్ నీళ్లు కనిపిస్తయ్.

సరే, కరెంటు సంగతి ఒప్పుకుంటున్న. కని కరెంటుకే అయితే కొన్న యురేనియంతోని గూడ బల్బు వెలుగుతది గద. ఆ పిల్ల అడిగింది అదే.

రిటైర్డ్ మాస్టారు, నల్లగొండ:

తమ్మీ, ఆ పిల్లకు నా తరఫున శెభాష్ చెప్పు. ముప్పై ఏండ్లు డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పిన, ఈ ప్రశ్న ఇంత సూటిగ అడిగినోళ్లు తక్కువ.

యురేనియం అంతా ఒక్కటే, కానీ దాని వెంట వచ్చే కాగితాలు ఒక్కటి కావు. మొదటి నుంచి చెప్త.

1974 మేలో పోఖ్రాన్‌లో మనం పరీక్ష చేసినం. దానికి వాడిన ప్లుటోనియం సైరస్ రియాక్టరుది. ఆ రియాక్టరు కెనడా ఇచ్చింది, శాంతి కోసమే వాడుకుంటమన్న మాట మీద. కెనడా మండిపడి సహకారం బంద్ పెట్టింది. అణు సామగ్రి అమ్మే దేశాలు ఒక్కచోట కూడి ఎన్‌ఎస్‌జీ అని గుంపు కట్టింది కూడా ఆ పరీక్ష వల్లనే. అప్పటి నుంచి మనకు బయటి యురేనియం దాదాపు దొరకలే. జార్ఖండ్‌లోని జాదూగూడ గని మీదనే ఎక్కువ నెట్టుకొచ్చినం. అక్కడి రాయి ఎసొంటిదంటే, టన్ను తవ్వితే కిలో యురేనియం కూడా రాదు. కెనడాలో పది శాతం దాటిన గనులున్నయ్. 2007, 2008 నాటికి ఇంధనం చాలక మన రియాక్టర్లు సగం సామర్థ్యంతోని మూలుగుతున్నయ్. అమెరికాతోని అణు ఒప్పందం కోసం మన్మోహన్ సింగ్ ప్రభుత్వాన్నే పణంగ పెట్టిండంటే ఈ ఆకలి కూడా ఒక కారణం. లెఫ్ట్ మద్దతు తీసేసింది, 2008 జులై 22న విశ్వాస పరీక్షలో 275, 256 తేడాతో గట్టెక్కిండు. సెప్టెంబరు 6న ఎన్‌ఎస్‌జీ మనకు మినహాయింపు ఇచ్చింది. ఆస్ట్రియా, ఐర్లండ్, న్యూజిలాండ్ ఆఖరి దాకా నసిగినయ్.

ఇగ అసలు మెలిక. ఆ మినహాయింపు ఊరికే రాలేదు. మన 22 రియాక్టర్లను రెండు కుప్పలు చేసినం. 14 పౌర అవసరాలకు అని చెప్పి ఐఏఈఏ, అంటే వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, తనిఖీ కిందికి ఇచ్చినం. మిగిలిన 8 ఇవ్వలేదు: కైగాలో నాలుగు, తారాపూర్‌లో రెండు, కల్పాక్కంలో రెండు. బయట కొన్న యురేనియం తనిఖీ కింద ఉన్న కుప్పలోనే కాల్చాలి. గ్రాము గ్రాముకు లెక్క ఉంటది, వియన్నా నుంచి తనిఖీదార్లు వచ్చి చూస్తరు. బ్యాంకు లోను మీద కొన్న ట్రాక్టరు తీరు, దున్నుకోవచ్చు కానీ అది ఏడుందో ఎప్పుడడిగినా చూపించాలె.

తనిఖీ లేని ఆ 8 రియాక్టర్లకు, ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్)లో ఉన్న ధ్రువ అనే పరిశోధన రియాక్టరుకు కొన్న యురేనియం ముట్టనియ్యరు. వాటికి ఇంటి రాయే దిక్కు: జాదూగూడ, కడప దిక్కు తుమ్మలపల్లె, రేపు తవ్వితే లంబాపురం. ధ్రువ నుంచి వచ్చే ప్లుటోనియం బాంబులకు. మీ బామ్మర్ది చెప్పిన దేశ భద్రత ఇక్కడుంది.

ఇంకొకటి. మనం మళ్లొకసారి అణు పరీక్ష చేస్తే అమెరికా తన ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు, ఇచ్చిన సామాను వాపస్ అడగొచ్చు. అట్లని 123 ఒప్పందంలోనే దారి పెట్టుకున్నరు. పరీక్ష చెయ్యమని నేననను, కానీ చేసే స్వేచ్ఛ చేతిలో ఉండాలనుకునే ప్రభుత్వానికి ఇంటి గని కావాలె. పార్టీ ఏదైనా ఢిల్లీలో ఆ ఆలోచన మారదు.

ఓయూ స్కాలర్:

మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పిన వాస్తవాలన్నీ సరే, ముగింపు దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఆయుధాలకు కావాల్సిన యురేనియం చాలా తక్కువ. ధ్రువను నడపడానికి జాదూగూడ ఒక్కటే ఎక్కువ. ఇంటి యురేనియంలో పెద్ద వాటా తినేది ఆ 8 విద్యుత్ రియాక్టర్లు. వాటినీ తనిఖీ కిందికి ఇచ్చేస్తే కజకిస్తాన్ యురేనియంతో హాయిగా నడుస్తాయి. అప్పుడు లంబాపురం అవసరమే ఉండదు. ఇవ్వకపోవడం మన ప్రభుత్వ నిర్ణయం. దాన్ని తప్పనిసరి అవసరం అని చెప్పడం సరి కాదేమో.

పాకిస్తాన్ వాదన కూడా గుర్తు చేసుకోండి. కొన్న యురేనియం కరెంటుకు సరిపోతే, భారత్ ఇంటి యురేనియం అంతా బాంబులకు మిగులుతుందని వాళ్లు 2008 నుంచీ అంటున్నారు. జెనీవాలో బాంబు పదార్థాల ఉత్పత్తి నిషేధ ఒప్పందం చర్చలను 2009 నుంచి అడ్డుకోవడానికి వాళ్లు చెప్పే కారణాల్లో ఇదొకటి. అంటే మన గుట్ట మీద గని పెడితే పాక్ సైన్యం కేంద్రమైన రావల్పిండిలో కూడా ఒక లెక్క మారుతుంది. భద్రత పెరుగుతుందా, అవతలి వాడి భయం పెరిగి మళ్లీ మన మీదికే వస్తుందా అన్నది చూడాలి కదా.

రిటైర్డ్ మాస్టారు, నల్లగొండ:

మంచి మాట. బాంబుకు కొంచెమే చాలు, అది నిజం. అందుకే "బాంబు కోసం మీ గుట్ట" అని ఎవరన్నా తండాకొచ్చి చెప్తే నమ్మొద్దనే నేనూ అంట.

కానీ ఆ 8 ఎందుకు ఇయ్యరో కూడా చూడాలె. ఒకసారి తనిఖీ కిందికి పోయిన రియాక్టరును మళ్లీ బయటికి తీసుడు లేదు. పైగా కల్పాక్కంలో 500 మెగావాట్ల బ్రీడర్ రియాక్టరు, అంటే కాల్చే దానికన్నా ఎక్కువ ఇంధనం పుట్టించేది, కట్టినరు, 2024 మార్చిలో దానికి ఇంధనం నింపుడు మొదలైంది. అది తినేది ప్లుటోనియం. కొన్న యురేనియం కాల్చగా వచ్చిన ప్లుటోనియం అందులో పోస్తే బ్రీడరు కూడా తనిఖీ కిందికి వస్తది, అందుకే ఆ 8 నుంచి వచ్చే ప్లుటోనియం కావాలె. హోమీ భాభా నాటి మూడు దశల పథకానికి బ్రీడరే నడిమి మెట్టు, చివరికి మన థోరియం వాడాలన్నది ఆశ. దాని మీద బయటోళ్ల కన్ను వద్దని మనోళ్ల పట్టు. ఆ పట్టు సబబా కాదా అన్నది వేరే చర్చ. నా వరకైతే కొంత సబబే, 1974 తర్వాత చవిచూసినం కాబట్టి.

పాకిస్తాన్ వాదన సంగతి, వాళ్లు మన ఒప్పందం కంటే ముందు నుంచే బాంబులు పేర్చుకుంటున్నరు. అయినా నీ ప్రశ్న కొట్టిపారేసేది కాదు.

అమ్రాబాద్ ఆడబిడ్డ:

సార్లు పెద్ద పెద్ద ముచ్చట్లు చెప్తున్నరు, మా దిక్కు సంగతి గూడ ఇనున్రి. 2019ల మా అమ్రాబాద్ పులుల అడవిల 83 చదరపు కిలోమీటర్లు సర్వే చేస్తమన్నరు. ఎకరాలల్ల చెప్తే ఇరవై వేల పైన. 4,000 బోర్లట. అడవిల బోరు మిషన్ పోవాలంటె తొవ్వ కావాలె, తొవ్వకు చెట్లు కొట్టాలె, లారీలు తిరగాలె. సర్వే అంటే కాగితం మీద గీతలని పట్నపోళ్లు అనుకున్నరు. చెంచు పెంటలల్ల, అంటే గూడేలల్ల, మాత్రం లారీ వస్తే ఏమైతదో తెలుసు. మన్ననూరు రోడ్డు మీద జనం కూసున్నరు, సినిమావాళ్లు గూడ ట్వీట్లు పెట్టిన్రు, ఆ సెప్టెంబరుల అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. ఆగింది.

నాకు అర్థం కానిది ఒక్కటే. అసెంబ్లీ తీర్మానం చేసింది గద, ఇగ రాదా? లేకుంటే మళ్ల వస్తదా? మా సర్పంచుకు తెల్వదు, ఫారెస్టోళ్లను అడిగితే నవ్వుతరు.

రిటైర్డ్ మాస్టారు, నల్లగొండ:

అమ్మా, తీర్మానానికి రాజకీయ బలముంది, చట్టం బలం లేదు. అణుశక్తి, దానికి కావాల్సిన ఖనిజాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితా 6వ అంశం. అణుశక్తి మీద చట్టం చేసేది కూడా కేంద్రమే. రాష్ట్రం చేతిలో ఉన్నది లీజు కాగితం, భూమి, అటవీ అనుమతి సిఫారసు. అవి నడవకపోతే గని నడవదు, అందుకే ఆగింది. రేపు హైదరాబాద్‌లో, ఢిల్లీలో మనసు కలిసిందంటే తీర్మానం అడ్డం పడదు.

కొత్తగ ఒకటైంది, పత్రికలల్ల చిన్నగ వచ్చింది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చింది. కారణం రక్షణ, వ్యూహాత్మక అవసరాలు. తమ్మి చిన్నప్పుడు పోలీసు వ్యాన్లు చూసిండే, ఆ సభ కూడా ఇప్పుడు పెట్టాల్సిన పని లేదు.

నేను కొట్లాడేది ఇక్కడ. ఇంటి యురేనియం ఎందుకు కావాలో నేనే ఇంత పొడుగు చెప్పిన, ఇందులో ఒక్క ముక్క దాపరికం లేదు, అన్నీ పార్లమెంటులో చెప్పినవి, ఒప్పందాలల్ల అచ్చయినవి. వియన్నా వాళ్లకు రియాక్టరు రియాక్టరుకు జాబితా రాసిచ్చినోళ్లు పెద్దగట్టులో టెయిలింగ్ పాండ్, అంటే గని వ్యర్థాల చెరువు, ఏడ కడతరు, దాని అడుగున ఏం పరుస్తరు, ఊట దిగితే అక్కంపల్లి ఎంత దూరం అన్నది చెప్పేదానికి భద్రత అడ్డమొస్తదా? తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులు పాండ్ మీద, బోరు నీళ్ల మీద ఫిర్యాదులు చేసిన్రు, అది పేపర్లకెక్కిన సంగతే. ఫ్లోరైడ్‌తోని వంకర పోయిన ఎముకలు చూసిన జిల్లా మనది. నీళ్ల గురించి అడిగితే దేశద్రోహం అనేటోన్ని ఆ ఫ్లోరైడ్ బాధితులున్న మర్రిగూడకు తోల్కపోయి కూసుండబెట్టాలె.

ఉప్పల్ వాసి:

నీళ్ల సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటా. కానీ మాస్టారూ, చర్చ పేరుతో ఇరవై ఏళ్లు ఆగితే దేశం ఆగదా? చైనా ఆగుతోందా? 2016లో సియోల్‌లో మన ఎన్‌ఎస్‌జీ సభ్యత్వాన్ని అడ్డుకున్నది చైనాయే కదా.

రిటైర్డ్ మాస్టారు, నల్లగొండ:

అడ్డుకుంది, ఇప్పటికీ దారి ఇయ్యలే. అయితే సభ్యత్వం లేకున్నా 2008 మినహాయింపుతోనే కొంటున్నం. 2015లో కెనడాతోని ఐదేండ్లకు 3,000 టన్నుల ఒప్పందం అట్లనే చేసుకున్నం. 1974లో తలుపు మూసిన కెనడానే. ఆ మినహాయింపు వచ్చినంక ఏ రియాక్టరూ లంబాపురం కోసం ఆగలేదు నాయనా.

దేవరకొండ ట్యూటర్:

సార్, దండం. రేపు క్లాసుల 14, 8 బొమ్మ గీసి చెప్త. ఒక్క సందేహం. అమ్రాబాద్ షెడ్యూల్డ్ ప్రాంతం, ఆడ పెసా చట్టం ఉంటది, గ్రామసభను అడగాలె. మా తండాలల్ల ఉన్నది గూడ ఎస్టీలే గద, మాకు అది వర్తిస్తదా?

రిటైర్డ్ మాస్టారు, నల్లగొండ:

వర్తించదు. లంబాడీలు ఎస్టీలే, కానీ మన నల్లగొండ జిల్లాలో నోటిఫై అయిన షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, పెసా రాదు. మీకు పనికొచ్చేది 2006 అటవీ హక్కుల చట్టం, దానికి షెడ్యూల్డ్ ప్రాంతం అక్కర్లేదు, అడవి భూమి అయితే చాలు. పోడు పట్టా వచ్చినోళ్లు జిరాక్సులు తీసి పెట్టుకోవాలె, రానోళ్లు క్లెయిమ్ ఫారం రసీదు పోగొట్టుకోవద్దు. సామూహిక హక్కుల కోసం, అంటే మేకల మేతకు, ఊరంతా కలిసి వేరే ఫారం పెట్టాలె, అది మీ తండాలల్ల పెట్టిన్రా?

దేవరకొండ ట్యూటర్:

పట్టాలు కొందరికి వచ్చినయ్ సార్. మేతకు ఫారం ఉంటదని నాకే తెల్వదు. ఆదివారం పోయి అడుగుత.

అమ్రాబాద్ ఆడబిడ్డ:

ఆ ఫారం మా పెంటలల్ల నింపినం అన్నా. నింపినోళ్లు ఉన్నరు, మీ ఊరి పేరు చెప్తే వచ్చి చూపిస్తరు.