ఉచ్చారణ తెలియని కాంజీని ఆకారం బట్టి వెతకడం ఎలా?

ప్రశ్న:
కాంజీ, అంటే జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాలు, నేర్చుకుంటున్నాను. ఒక అక్షరం తగిలింది, ద్వారబంధం లాంటి రూపం, దాని లోపల చిన్న పెట్టె. ఎలా పలకాలో తెలియదు కాబట్టి అచ్చు నిఘంటువు తీసి 'ద్వారం' రాడికల్ (అక్షరాలను వర్గాలు చేయడానికి వాడే మూల భాగం) కింద ఉన్నవన్నీ చూశాను, లేదు. ద్వారం అంత పెద్దగా కనిపిస్తుంటే ఇంకెక్కడ పెడతారు? ఫోన్‌లో వేలితో గీస్తే దొరుకుతుందని తెలుసు, కానీ ఈ వర్గీకరణ ఎలా చేశారో నాకు అర్థం కావాలి. అర్థంతో పని లేకుండా ఉత్త ఆకారం చూసే పద్ధతి ఉందా?

జవాబు 1:
అది 'అడగడం' అండీ, 'నోరు' రాడికల్ కింద చూడండి. లోపలి పెట్టే నోరు. ద్వారం ఉన్నది ఉచ్చారణ సూచించడానికి మాత్రమే. అదే ద్వారంలో చెవి ఉంటే 'వినడం', అది చెవి కిందకి పోతుంది. సూర్యుడు ఉంటే 'మధ్య ఎడం', అది మాత్రం ద్వారం కిందే. క్రీ.శ. 100 ప్రాంతంలో చైనాలో షు షెన్ 9,353 అక్షరాలను 540 వర్గాలు చేశాడు, 1615లో మేయ్ యింగ్‌జువో వాటిని 214కి కుదించాడు, 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువు ఆ 214నే తీసుకోవడంతో అవే స్థిరపడిపోయాయి. పైకి ఆకారాల పట్టికే, కానీ చాలా చోట్ల లోపల నడిచేది అర్థం. అర్థం తెలియకే కదా వెతుకుతాం, అందుకే కొత్తవాళ్లకి ఇది అన్యాయం అనిపిస్తుంది నాకు.

జవాబు 2:
ఉత్త ఆకారమే కావాలంటే నాలుగు మూలల పద్ధతి. 1920లలో వాంగ్ యున్‌వు తయారుచేశాడు. ఒక్కో మూలలో ఏ రూపం ఉందో చూసి 0 నుంచి 9లో ఒక అంకె వేస్తారు, అడ్డగీత 1, నిలువుగీత 2, పెట్టె 6, కోణం 7, ఇలా. మీ అక్షరానికి పై మూలలు రెండూ కోణాలే కాబట్టి 77. ద్వారం లాంటి చట్రాలకి కింది అంకెలు లోపలి భాగం నుంచి తీసుకోవాలని నియమం, అక్కడ పెట్టె ఉంది కనుక 6, అదే పెట్టెని రెండోసారి లెక్కపెట్టరు కనుక 0. మొత్తం 7760. అలవాటైతే చాలా వేగం, అయితే ఇలాంటి నియమాలు ముందే కంఠతా రావాలి.

జవాబు 3:
నేర్చుకునే దశలో నేనైతే స్కిప్ చెబుతాను. జాక్ హాల్పెర్న్ 1990లో తన కాంజీ నిఘంటువులో వాడిన పద్ధతి. ఎడమ-కుడి అయితే 1, పైన-కింద అయితే 2, చుట్టూ చట్రం అయితే 3, విడదీయలేనిది 4. తర్వాత రెండు భాగాల్లోని గీతల సంఖ్య. మీది 3-8-3.

ప్రశ్న అడిగినవారు:
పెట్టెకి నాలుగు గీతలు కదా, 3 ఎలా అయింది?

జవాబు 3:
భుజాలు కాదు, కలం ఎత్తకుండా గీసింది ఒక గీత. పై భుజం, కుడి భుజం కలిపి ఒకే గీతగా రాస్తారు. అందుకే రాసే క్రమం తెలియకుండా స్కిప్ కూడా నడవదు, ముందు ఓ పది పదిహేను మామూలు భాగాలు చేత్తో రాసి చూడండి, లెక్క దానంతటదే కుదురుతుంది.