లండన్ కాకుండా ఇంకేం చూడాలి అన్న తమ్ముడికి: పెన్నైన్ వే

తమ్ముడూ, రెడింగ్‌లో ఉద్యోగం, వారాంతం వస్తే లండన్, ఇంతేనా ఇంగ్లండ్ అని అడిగావు. ఇంతే కాదు. వీలు చూసుకుని పెన్నైన్ వేలో కొంత దూరమైనా నడువు. డెర్బీషైర్‌లోని ఈడేల్‌లో మొదలై స్కాట్లండ్ సరిహద్దు దాటి కర్క్ యెటమ్ దాకా 268 మైళ్ల కాలిదారి, 1965లో తెరిచారు. సెలవులు దొరికినప్పుడల్లా మేం ముక్కలు ముక్కలుగా నడిచాం. ఊరు ఊరికీ దేశం ఎలా మారుతుందో కాలినడకన తెలిసినట్టు కారులో తెలియదు.

ముందు రాళ్లు చూడు. హెబ్డెన్ బ్రిడ్జ్ వైపు ఇళ్లు, గోడలు అన్నీ ముదురు రంగు ఇసుకరాయి, పాత మిల్లుల పొగకు ఇంకా నల్లబడ్డాయి. కొండల మీద బురదలో కాళ్లు దిగబడకుండా రాతి పలకలు పరిచారు. వాటిలో చాలా పలకలు మూతబడిన బట్టల మిల్లుల గచ్చుల్లోంచి తెచ్చినవే! వాటి మీద నడుస్తుంటే అక్కడ పనిచేసినవాళ్లే గుర్తొచ్చారు నాకు. మాల్హమ్ చేరేసరికి సున్నపురాయి, పొలాల గోడలు కూడా తెల్లగా ఉంటాయి. ఇంకా పైన టీస్‌డేల్‌లో రైతుల ఇళ్లకు వెల్ల వేసి ఉంటుంది.

మనుషుల పిలుపులూ మారతాయి. డెర్బీషైర్‌లో 'డక్', యార్క్‌షైర్‌లో 'లవ్', నార్తంబర్లండ్‌లో 'పెట్'. బస్సు డ్రైవర్ అలా పిలిస్తే కంగారు పడకు, మన దగ్గర కొత్తవాళ్లను 'అమ్మా', 'బాబూ' అన్నట్టే.

ముఖ్యమైన మాట: యార్క్‌షైర్‌లో చాలా షాపుల్లో చిప్స్ (మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనే లాంటివి) బీఫ్ కొవ్వులో వేయిస్తారు. దక్షిణాన ఎక్కువగా నూనె వాడతారు కాబట్టి మనవాళ్లకు అనుమానమే రాదు. "బీఫ్ డ్రిప్పింగా, వెజిటబుల్ ఆయిలా?" అని అడిగే కొనుక్కో. ఎవరూ ఏమీ అనుకోరు.

---

అక్క చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను బ్రదర్. ఒక్కరోజే ఉంటే మాంచెస్టర్–షెఫీల్డ్ మధ్య ఆగుతూ వెళ్లే రైలెక్కి ఈడేల్‌లో దిగండి, కాలిదారి ఊళ్లోంచే మొదలవుతుంది. రెండు మూడు రోజులుంటే ఉత్తరాన హేడ్రియన్ గోడ పక్కన నడిచే భాగం నాకు అన్నిటికంటే ఇష్టం. రోమన్లు క్రీ.శ. 122లో కట్టడం మొదలుపెట్టిన గోడ అది.

కొండల మీద చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, కాగితం మ్యాప్ కొనండి. డిసెంబర్‌లో నాలుగింటికల్లా చీకటి పడుతుంది, మొదటిసారి మేలోనో జూన్‌లోనో వెళ్లండి. దారిలో గేటు తీస్తే మళ్లీ వేసి వెళ్లండి, లోపల గొర్రెలుంటాయి.