ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో నలుపు ఒక్కటే పడట్లేదు, పవర్ క్లీనింగ్ చేయొచ్చా?

రంగులు మూడూ బాగానే పడుతున్నాయి, నలుపు మాత్రం అస్సలు లేదు. నాజిల్ చెక్ (ఇంకు చిమ్మే రంధ్రాలు పనిచేస్తున్నాయో లేదో చూసే టెస్ట్ ప్రింటు) తీస్తే నల్ల గళ్లు రావాల్సిన చోట తెల్ల కాగితమే. కంప్యూటర్‌తో పనిలేకుండా నేరుగా జిరాక్స్ తీసినా అంతే, కాబట్టి డ్రైవర్ గొడవ కాదు. ట్యాంకులో ఇంకు కింది గీతకు పైనే ఉంది. హెడ్ క్లీనింగ్ 3 సార్లు చేసి, 12 గంటలు ఆపి మళ్లీ తీసినా మార్పు లేదు. మూత ఎత్తితే నల్ల ట్యూబులో రెండంగుళాల మేర గాలి కనిపిస్తోంది. తేడా అక్కడే ఉన్నట్టుంది.

పవర్ క్లీనింగ్ చేస్తే అన్ని ట్యూబుల్లోని ఇంకునూ లాగేసి కొత్తది నింపుతుంది కాబట్టి బోలెడు ఇంకు పోతుంది, ఆ పోయిన ఇంకును పీల్చుకునే వేస్ట్ ప్యాడ్ కూడా త్వరగా నిండుతుంది (రంగులు బాగున్నప్పుడు వాటినీ పారబోయడం దండగ). దానికి బదులు డ్యాంపర్ (ట్యూబుకీ ప్రింట్ హెడ్‌కీ మధ్య ఉండే చిన్న ఇంకు అర) దగ్గర సిరంజితో నల్ల ఇంకు ఒక్కటే లాగితే సరిపోతుందా? ఎన్ని మి.లీ. లాగాలి? చేసినవాళ్లు చెప్పగలరు.