కొత్త సిస్టమ్‌లో పాత హార్డ్ డిస్క్ పెట్టొచ్చా, పెట్టకూడదా?

కోనసీమ ఫోటో (అమలాపురం)
స్టూడియోకి కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయిస్తున్నామండి. విండోస్‌కి 500 జీబీ ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డుకే తగిలించే వేగమైన ఎస్‌ఎస్‌డీ) తీసుకున్నాం. పాతదాంట్లో 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది, 2014లో కొన్నది, ఇప్పటికీ తిరుగుతోంది. పెళ్ళిళ్ళ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. షాపతనేమో ఆ పాత సరుకు కొత్త క్యాబినెట్‌లో పెట్టొద్దంటున్నాడు. బాగున్నదాన్ని పారేస్తారా ఎవరైనా అని మా బావగారు. ఏం చెయ్యమంటారు?

గోదారిగట్టు (రావులపాలెం)
శుభ్రంగా పెట్టుకోండి. 2014 డిస్కంటే సన్న కేబుల్‌తో తగిలించే సాటాయే, ఏ కొత్త బోర్డుకైనా ఎక్కుతుంది. వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉండే ఐడీఈ డిస్కులకైతేనే ఇప్పటి బోర్డుల మీద సాకెట్ ఉండదు. విండోస్ ఎన్‌వీఎంఈ మీద ఉంటే సిస్టమ్ స్పీడ్‌కి ఢోకా లేదు. ఫోటోలు దాచుకోడానికి పాత డిస్క్ చాలు. కొత్త డిస్క్‌కి పెట్టే డబ్బుతో ర్యామ్ వేయించుకోండి.

భీమవరం సర్వీస్
ఎక్కుతుందా లేదా అన్నది కాదండీ ఇక్కడ సంగతి. అందులో ఉన్నవి జనం పెళ్ళి ఫోటోలు, మళ్ళీ తీయగలిగేవి కావు.

మన వైపు గాలి సంగతి కూడా చూడాలి. సముద్రం దగ్గర ఊళ్ళ నుంచి, రొయ్యల చెరువుల గట్టు మీద ఆఫీసు గదుల నుంచి నా దగ్గరికి వచ్చే డిస్కుల్ని తిప్పి అడుగున పచ్చబోర్డు స్క్రూలు విప్పి చూస్తే, లోపలి హెడ్లకి కలిసే చిన్నచిన్న కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. పైనుంచి చూస్తే డిస్క్ కొత్తదానిలా మెరుస్తుంటుంది. దానికితోడు మన కరెంటు. ఫోటోలు కాపీ అవుతుండగా యూపీఎస్ లేకుండా పోయిందనుకోండి, రాస్తున్న ఫైలు పాడవుతుంది.

ఇంకా తిరుగుతోంది అన్నది లెక్కలోకి రాదు. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో సాఫ్ట్‌వేర్ వేసి 05, సీ5, సీ6 వరసలు చూడండి. 05 అంటే ఇప్పటికే చెడి వేరేచోటికి మార్చిన సెక్టార్లు, అంటే డిస్క్ మీద డేటా రాసే చిన్న గళ్ళు. సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి. సీ6 అంటే ఇక సరిచేయలేనివి. నాకు సీ5 అంటేనే ఎక్కువ భయం. సున్నా కాకపోతే ఆ డిస్క్‌ని నమ్మొద్దు. రా వాల్యూస్, అంటే ఆ వరసల అసలు అంకెలు, మామూలుగా హెక్స్‌లో (అక్షరాలు కలిసిన అంకెల్లో) చూపిస్తుంది, సెట్టింగుల్లో డెసిమల్‌కి మార్చుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. సీ7 ఒక్కటే పెరిగితే మాత్రం కంగారు పడకండి, చాలాసార్లు అది కేబుల్ లోపం.

రాజోలు మాస్టారు
ఇద్దరూ డిస్క్ వయసు దగ్గరే ఆగిపోయారు. నిన్న కొన్న డిస్క్ కూడా రేపు పోవచ్చు కదా. అసలు ప్రమాదం పాత డిస్క్ కాదు, ఒక్కటే కాపీ ఉండడం. పాతది తీసేసి ఆ ఫోటోలన్నీ ఒకే ఒక కొత్త డిస్క్‌లో పోస్తే పరిస్థితి ఏం మారినట్టు? రెండో కాపీ ఉండాలి, అదీ వేరే ఇంట్లో. గోదారికి వరదొస్తే లంక గ్రామాల్లో ఇంటి సామానంతా అటక మీదికి ఎక్కిస్తాం. డిస్కులు రెండూ ఆ ఇంట్లోనే ఉంటే ఏం లాభం?

గోదారిగట్టు
మాస్టారు చెప్పింది ఒప్పుకుంటా. కాపీ ఇంకోచోట ఉన్నాక ఈ డిస్క్ క్యాబినెట్‌లో ఉంటే తప్పేంటి? ఎడిటింగ్ అయిపోయిన వీడియోలు పడేసుకోవచ్చు కదా.

భీమవరం సర్వీస్
సీ5 సున్నా ఉంటే సరే. లేకపోతే తప్పేనండి. పాడైన సెక్టార్ దగ్గర డిస్క్ మళ్ళీ మళ్ళీ చదవబోతుంది, అంతసేపూ ఫోల్డర్ తెరుచుకోదు, ఒక్కోసారి సిస్టమంతా బిగుసుకుపోతుంది. కస్టమర్ ఎదురుగా కూర్చుని ఫోటోలు ఎంచుకుంటుంటే అలా జరిగితే ఎలా? దాన్ని బయట యూఎస్‌బీ కేస్‌లో పెట్టుకుని అవసరమైనప్పుడే తగిలించండి.

కోనసీమ ఫోటో గారూ, వరస ముఖ్యం. మొదట కాపీ, తర్వాతే ఏ పరీక్షైనా. నీరసించిన డిస్క్ మీద ముందే ఫుల్ స్కాన్ పెడితే ఆ స్కాన్‌లోనే ప్రాణం పోవచ్చు. విండోస్ వేసేటప్పుడు పాత డిస్క్ సాటా కేబుల్ పీకేసి ఉంచండి. తగిలించి ఉంటే ఒక్కోసారి బూట్ ఫైళ్ళు వెళ్ళి పాతదాంట్లో కూర్చుంటాయి. తర్వాత అది తీసేసిన రోజు కొత్త సిస్టమ్ లేవదు. ఆ మాట షాపులో ముందే చెప్పండి. కొన్ని బోర్డుల్లో ఎన్‌వీఎంఈ పెట్టే ఎం.2 స్లాట్ వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి కూడా. డిస్క్ కనపడకపోతే పోయిందనుకోకుండా పోర్టు మార్చి చూడండి.

రాజోలు మాస్టారు
కాపీ అయ్యాక ఫైళ్ళ సంఖ్య సరిపోయిందని ఊరుకోకండి. ప్రతి ఫోల్డర్లో కొన్ని ఫోటోలు తెరిచి చూడండి. సగం బూడిదరంగులో వస్తే ఆ ఫైలు పాడైనట్టే.

గోదారిగట్టు
బయట కేస్ మాటకి నేను ఒప్పుకోను. టేబుల్ మీద తిరుగుతున్న డిస్క్‌కి ఎవరి చెయ్యి తగిలినా ఆ కుదుపుకే పోతుంది. క్యాబినెట్‌లో నాలుగు స్క్రూలు బిగించి ఉన్నదే నయం.

కోనసీమ ఫోటో
అందరికీ థాంక్సండి. 2 టీబీ ఎక్స్‌టర్నల్ తెప్పించి కాపీ మొదలెడతాను, ఆల్బమ్ ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్ళిళ్ళు ముందు. రెండో కాపీ మా బావగారింట్లో ఉంచుతాను, వాళ్ళది మేడ. అదయ్యాక సీ5 చూసి అంకె ఇక్కడే పెడతాను. లోపల బిగించాలో బయట కేసో అప్పుడు చెబుదురుగాని.