అత్యవసర వైద్యం నిరాకరిస్తే ప్రభుత్వాన్ని నిలదీయవచ్చా?

ప్రశ్న (ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి):
వాంతులతో నీరసించిన మా అత్తయ్యను అర్ధరాత్రి ఆటోలో, సెలైన్ సీసా నేను చేత్తో పైకెత్తి పట్టుకుని తీసుకువెళితే, ఒక ప్రభుత్వ ఆసుపత్రివారు బెడ్లు లేవంటూ గుమ్మం నుంచే తిప్పి పంపారు. ఇది చట్టం దృష్టిలో తప్పు కాదా?

జవాబు:
ముమ్మాటికీ తప్పేనమ్మా. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యక్తిని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ఆసుపత్రులు వరుసగా తిప్పి పంపిన కేసులో, సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద ఉన్న జీవించే హక్కును ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు 1996లో తేల్చి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. నిధులు లేవన్న సాకును ఒప్పుకోలేదు.

మరో జవాబు:
కటక్‌లోని ఒడిశా హైకోర్టులో రిట్ (హక్కుకు భంగం కలిగిందని నేరుగా హైకోర్టును ఆశ్రయించే పిటిషన్) వేయవచ్చు. జిల్లా న్యాయసేవల సంస్థ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఉచితంగా ఇస్తుంది. ఆ రాత్రి ఇచ్చిన చీటీ ఏదైనా ఉందా?

ప్రశ్న అడిగినవారు:
ఉందండీ. దాని మీద ‘బెడ్ లేదు’ అని ఒడియాలో రాసి, సమయం కూడా వేశారు.