పెరట్లో చెట్టుకి గింజ నాటాలా, కొమ్మ నాటాలా?

పచ్చతోరణం:
ఇంటి వెనక జాగాలో నాలుగు చెట్లు వేయాలని ఉంది: మామిడి, జామ, దానిమ్మ, మునగ. గింజ వేస్తేనే చెట్టు గట్టిగా ఉంటుందని కొందరు, కొమ్మ నాటితే త్వరగా కాపుకొస్తుందని కొందరు చెబుతున్నారు. మీరైతే ఏం చేస్తారు? ఎందుకో కూడా చెప్పండి.

మట్టిచేతులు:
నేను గింజ పక్షమే. కారణం తల్లివేరు. మామిడి టెంక నాటి, మొలక పైకొచ్చి రాగిరంగు ఆకులు విచ్చుకున్నాక ఒకసారి తవ్వి చూశాను. పైన ఉన్న మొక్క కంటే కింద దిగిన వేరే పొడవుగా ఉంది. కొమ్మకి ఆ వేరు రాదండీ. కోసిన చోట చుట్టూ పుట్టే వేళ్లే దాన్ని మోయాలి. మా పెరట్లో కొమ్మతో వేసిన మునగ మూడో ఏడు ఈదురుగాలికి మొదలంటా ఒరిగిపోయింది. వేళ్లన్నీ పైపైనే, పళ్లెంలా పరుచుకుని ఉన్నాయి. దాని పక్కనే గింజతో లేచిన చెట్టు కదల్లేదు.

కొమ్మలబాట:
ఒక్క చెట్టు ఒరిగిందని కొమ్మల్నే తప్పుపట్టడం న్యాయం కాదండీ. ఎంత లోతు పాతారో కూడా చెప్పాలి కదా. మునగ కొమ్మ మూడో వంతైనా మట్టిలో ఉండాలి, మొదటి ఏడాది ఊతకర్ర కట్టాలి.

గింజతో నాకు జరిగింది వినండి. తియ్యటి జామపండు గింజలు దాచి, నారు పోసి, నాలుగేళ్లు నీళ్లు పోశాను. తీరా కాయ కోస్తే వగరు, లోపలంతా గింజలే. ఏ చెట్టు పుప్పొడి ఆ పువ్వు మీద పడిందో ఎవరికి తెలుసు? కొమ్మ నాటితే అదే చెట్టు, అదే కాయ. పైగా కాపుకొచ్చిన చెట్టు కొమ్మకి వయసు ముందే వచ్చి ఉంటుంది, గింజ మొక్కలా ఎదిగేదాకా ఆగక్కర్లేదు.

దానిమ్మకైతే రెండో మాట లేదు, కొమ్మే. పెన్సిల్ లావు ముదురు కొమ్మని జానెడు పొడవు తీసుకోండి. కింద కణుపుకి కాస్త దిగువన ఏటవాలుగా, పైన సమంగా కోయండి. అప్పుడు తలకిందులుగా పాతే పొరపాటు జరగదు. రెండు కణుపులు మట్టిలో ఉండాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి, చిగురు రాగానే వేరు పట్టిందని మురిసిపోవద్దు. కొమ్మలో దాచుకున్న బలంతోనే మొదటి ఆకులు వస్తాయి. అప్పుడే పీకి చూశారో, పుట్టబోయే వేళ్లు తెగిపోతాయి.

మట్టిచేతులు:
దానిమ్మ విషయంలో ఒప్పుకుంటాను. మరి మామిడి కొమ్మ మట్టిలో పాతితే వేరు పట్టడం ఎంత కష్టమో మీకూ తెలుసు. 'అదే చెట్టు' అనేది వరమే కాదు, ప్రమాదం కూడా. గ్రో మిషెల్ అనే అరటి రకం ఒకప్పుడు ప్రపంచ ఎగుమతులన్నిటినీ ఏలింది. అన్నీ ఒకే మొక్క పిలకలు కావడంతో పనామా తెగులు వచ్చాక తట్టుకున్నది లేదు, 1960ల నాటికి ఎగుమతి తోటల్లోంచి దాదాపు పోయింది. గింజ మొక్కల్లో ఏదో ఒకటైనా నిలబడే అవకాశం ఉంటుంది.

కొమ్మలబాట:
అది వేల ఎకరాల తోట సంగతి. పెరట్లో ఉండేది ఒక్క జామచెట్టు అండీ.

వేరుపందిరి:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. గింజని ఎక్కడ మొలకెత్తించారు? సంచిలో ఏడాది పెంచిన పనస మొక్కని నాటాను, రెండేళ్లయినా ఎదగలేదు. తవ్వితే తల్లివేరు సంచి అడుగున తిరిగినట్టే మూడు చుట్లు చుట్టుకుని ఉంది. అలాంటి గింజ మొక్క కంటే మంచి కొమ్మే నయం. తల్లివేరు కోసమే గింజ వేస్తే, చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే గుంత తీసి గింజ పెట్టండి. మామిడి, పనస, నేరేడు గింజల్ని దాచకండి, ఎండితే చచ్చిపోతాయి. పండు తిన్న వారంలోపే మట్టిలోకి వెళ్లాలి.

మామిడికి నేను చేసేది ఇదీ: ఉండాల్సిన చోటే టెంక నాటి, కాండం పెన్సిల్ లావయ్యాక మంచి చెట్టు పుల్ల తెచ్చి దాని మీదే అంటు కడతాను. కింద గింజ వేరు, పైన తెలిసిన కాయ.

పచ్చతోరణం:
మామిడికి అలాగే చేస్తాను, అంటు కట్టడం వచ్చినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంటాను. దానిమ్మ కొమ్మతో. మునగ గింజతో, మా వైపు గాలి ఎక్కువ. జామ సంగతి తేలలేదు.

కొమ్మలబాట:
జామ కొమ్మ కోసి పాతితే మొండికేస్తుంది. చెట్టు మీద ఉండగానే గాలి అంటు కట్టండి. వేలి లావు కొమ్మకి అంగుళం మేర బెరడు ఉంగరంలా తీసేసి, కింది జిగురు పొరని కత్తితో గీకేయండి. అది మిగిలితే బెరడు మళ్లీ అతుక్కుంటుంది. తడిపి పిండిన కొబ్బరిపొట్టు చుట్టి, పైన పారదర్శకమైన కవరు బిగించండి. తెల్లటి వేళ్లు కవర్లోంచి కనిపించినా ఆగండి. అవి గోధుమరంగుకి తిరిగాకే కోయండి, కోశాక కొన్నాళ్లు నీడలోనే ఉంచండి.

మట్టిచేతులు:
ఊతకర్ర మాత్రం మరిచిపోకండి.