గోముఖంలో నాన్నగారు నిలబడిన చోటును గుర్తించడం ఎలా?

1998 మే నెలలో మా నాన్నగారు గంగోత్రి నుంచి 18 కిలోమీటర్లు నడిచి గోముఖం చేరి, మంచు గుహలోంచి భాగీరథి బురదనీళ్లతో ఉరకలేస్తూ వచ్చేచోట, గుడిసెంత బూడిదరంగు బండ పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో మా ఇంట్లో ఉంది. వచ్చే సెప్టెంబరులో అక్కడే నిలబడి నేనూ ఒక ఫొటో తీసుకోవాలని ఆశ.

అయితే ఆ మంచు గుహ ఉన్న, దాదాపు 30 కిలోమీటర్ల పొడవైన గంగోత్రి హిమానీనదం అప్పటినుంచీ వెనక్కి జరుగుతూనే ఉంది. 2016 జూలై వానలకు దాని ముఖంలో కొంత భాగం విరిగిపడింది కూడా. కాబట్టి ఆ చోటు ఇప్పుడు మంచుకు దూరంగా, రాళ్ల గుట్టల మధ్య ఉండాలి. బండను నమ్ముకోలేను, వరదకు దొర్లిపోయి ఉండవచ్చు. ఫొటోలో నాన్నగారి మఫ్లరు వెనుక కనిపించే భాగీరథి శిఖరాలు మాత్రం కదలవు కదా!

ఆ శిఖరాల వరుసను బట్టి నిలబడిన చోటును అంచనా వేసే పద్ధతిని ఎవరైనా వివరించగలరా? గోముఖానికి ముందు వచ్చే మజిలీ భోజ్‌బాసా దాటాక, మంచు అంచు ఏ సంవత్సరంలో ఎంతవరకు ఉండేదో తెలిపే గుర్తులు దారిలో కనిపిస్తాయా? ఇటీవల వెళ్లివచ్చినవారు, అనుమతిపత్రంతో ముఖద్వారానికి ఎంత దగ్గరగా వెళ్లనిస్తున్నారో కూడా దయచేసి తెలియజేయగలరు.